కాటా ఎక్కిన సంగటి ముద్ద

పుంగనూరు బస్టాండు పక్కన మాది ఒకే గోడకు రెండు వైపులా బతికే సంసారం. ఇటు కిరాణా అంగడి, అటు హోటలు. తాత అంగడి పెట్టినాడు, నాయన దానికి హోటలు కలిపినాడు. నేను కలిపింది ఏమన్నా ఉందంటే సంగటికి నంచుకునే ఊరుబిండి పచ్చడిలో నీళ్ళే. గోడకు తలుపు లేని వాకిలి ఒకటి ఉంది. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు సరుకుల చీటీ ఇటు ఇచ్చి, అటు పోయి సంగటి తింటారు. చెయ్యి కడుక్కునేసరికి మూట కట్టి ఉంటుంది.

హోటలు అమ్మ రాజ్యం, అంగడి నాది. నాకు కాటా ఉంది, ఆమెకు చెయ్యి ఉంది.

పోయిన ఎండాకాలం ఆ చెయ్యే విరిగింది. అమ్మ హోటలు మెట్టు మీద జారి పడింది. మదనపల్లెలో కట్టు కట్టించి, కుప్పంలో మా అక్క ఇంటికి పంపినాము. ఇక్కడే ఉంటే ఆ కట్టుతోనే సంగటి కెలుకుతుందని ఊరంతటికీ తెలుసు. అట్లా తెడ్డు నా చేతికి వచ్చింది.

కెలకడం వారానికి పట్టుబడింది. ముద్ద చుట్టడమే రాలేదు. ఒకటి టెంకాయంత, ఒకటి నిమ్మకాయంత వచ్చేది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి అట్లా పెట్టడం అన్యాయం కదా అనిపించింది. అంగడి కాటా తెచ్చి పొయ్యి పక్కన పెట్టినాను. ముద్దకు నాలుగు వందల గ్రాములు, ఎవరికైనా సరే.

"ఏమప్పా, సంగటి గూడా తూకానికేనా? రేపు పులుసు లీటర్ల లెక్కన పోస్తావా?" అన్నాడు గుడుపల్లె నుంచి వచ్చిన రైతు ఒకాయన. నేను మెచ్చుకోలు అనుకున్నాను.

రోజూ మూడు గంటలకు అమ్మ ఫోనులో కనపడేది. మొహం సగమే కనపడేది, ప్రశ్న మాత్రం నిండుగా వినపడేది. "టైలరన్న తిన్నాడా?"

టైలరు మా ఎదురు అంగడి ముసలాయన. నాకు మామ. ఇంట్లో ఆమె పోయినాక వండిపెట్టేవాళ్ళు లేరు. దినానికి ఆయన కడుపులో పడే వేడి తిండి మా మధ్యాహ్నం సంగటి ఒక్కటే. అట్లాంటి మనిషి నా కాటా వచ్చిన మూడో దినం నుంచి హోటలు వాకిలి తొక్కడం మానేసి, అంగడి వైపు వచ్చి ఒక బన్ను కొనుక్కుని పోతాండాడు. యాల మామా అంటే, "ఆకలి లేదప్పా" అంటాడు.

"వచ్చినాడుమ్మా" అని చెప్పేవాణ్ణి. అబద్ధమేమీ కాదు. గోడకు ఏ వైపు వచ్చినాడో చెప్పలేదు, అంతే.

బన్ను మొదలైన నాలుగో దినం ఆమె ఫోనులో ఉండగానే ఆయన వచ్చినాడు. "ఒక బన్ను ఇయ్యప్పా." ఇచ్చినాను, పోయినాడు.

"అది అన్న గొంతే కదా. బన్ను యాల?"

బన్నుల డబ్బాకు మూత పెట్టినాను.

"ముద్ద ఎంత పెడతాండావురా?"

"అందరికీ ఒకటేమ్మా. కాటా పెట్టి."

"కాటా పెట్టినావా" అంది అమ్మ, జ్వరం ఎంత ఉందని అడిగినంత మెల్లగా. "ఆయన గోళీలంత చేసి మింగుతాడు నాయనా. సగం తినేసరికి ముద్ద సల్లారి గట్టిపడతాది. తట్టలో మిగిల్చి లేసే మనిషి కాదు. నేను ముందు సగమే పెడతా. అది అయిపోతాండగా పొయ్యి మీది నుంచి ఇంకో సగం తెచ్చి, మారు తినన్నా అంటా. సగం పెడతాండానని తెలిస్తే మొగమాటపడతాడు. తెలీనియ్యగాకు."

మరుసటి దినం కాటా దాని చోటికి పోయింది. నేను రోడ్డు దాటినాను. ఆయన మిషను మీద రవిక కుడతాండాడు.

"అమ్మ నిన్ను తినమనింది మామా."

"మీ అమ్మ కుప్పంలో ఉండాది కదప్పా."

"ఆడి నుంచే సూస్తాంది."

మెడలో టేపుతోనే వచ్చి కూర్చున్నాడు. చిన్న ముద్ద పెట్టినాను. దాన్ని చూసి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. నాలుగు గోళీలు మిగిలినప్పుడు అరచేతులు కాలుతుంటే రెండోది తెచ్చినాను. నాకు అబద్ధం అమ్మంత నున్నగా రాదు. "మారు, మామా" అన్నాను.

ఆయన ముద్ద నడిమిన వేలితో గుంత చేసి పులుసు పోసుకున్నాడు.

"మీ అమ్మ గూడా ఇదే మాట అంటాది" అన్నాడు. "కొలతలు తీసి బతికేవాణ్ణి, రెండు సగాలు ఎంతో నాకు తెలీదా? ఆమెకు చెప్పగాకు. బాధపడతాది."

మూడు గంటలకు ఫోను మోగింది.

"తిన్నాడా?"

"తిన్నాడుమ్మా. మారు కూడా పెట్టించుకున్నాడు."