నానమ్మకి చూపించిన ఎగిరే మనిషి సినిమా

మా చిన్నతనంలో మ్యాట్నీ చూసి ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, వసారాలో నులకమంచం మీద కూర్చున్న నానమ్మకి కథ చెప్పాలి... అది మా ఇంటి రివాజు. అప్పుడు బెజవాడ వన్ టౌన్‌లో ఉండేవాళ్ళం. నానమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎదురుగా ఎవరొచ్చినా గొంతు వినే గుర్తుపట్టేది. ఆవిడకి సినిమా అంటే మేం చెప్పిందే.

ఆవిడ షరతు ఒక్కటే. "ఆ ఫైటింగులు తీసేసి చెప్పండ్రా. తన్నుకునేవాళ్ళని ఈ సందులో రోజూ వింటూనే ఉన్నాగా."

ఫైటింగులు తీసేస్తే చాలా సినిమాల్లో చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు... అప్పుడు పక్కవాటా గౌస్ బాబాయి అందుకునేవాడు. బట్టల కొట్లో పని ఆయనది. చీర విప్పి చూపించినట్టే కథనీ మడత మడతా విప్పేవాడు. హీరో చేతిలో తన్నులు తిన్న రౌడీకి ఓ ముసలితల్లిని పెట్టేవాడు. తగలబడిన ఇంట్లోవాళ్ళు ఆ రాత్రి ఎక్కడ తలదాచుకున్నారో చెప్పేవాడు. కొన్నాళ్ళకి మాకు కూడా తెర మీద చూసింది కాక బాబాయి చెప్పిందే గుర్తుండిపోయేది. బెజవాడలో ఆడే సినిమాలన్నీ అంత గొప్పవని నానమ్మ నమ్మింది. మేమూ నమ్మేశాం.

ఓ ఎండాకాలం నాన్న ఆవిడకి కళ్ళ ఆపరేషన్ చేయించారు. నల్లకళ్ళజోడు తీసేసి కొత్త కళ్ళజోడు పెట్టుకున్న రోజున నానమ్మ అంది కదా... "ఇన్నాళ్ళూ విన్నాను. ఒక్కటి నా కళ్ళతో చూస్తాను. మంచిది చూపించండి."

ఇక ఆ మంచిదేదో తేలక వసారాలో రోజూ గొడవే. అప్పుడు ఇంగ్లీషు నుంచి డబ్బింగ్ చేసిన సినిమా ఒకటి ఆడుతోంది, ముసుగేసుకుని ఆకాశంలో ఎగిరే మనిషిది. ఇంటర్ చదువుతున్న అన్నయ్య దాని తరఫు. గౌస్ బాబాయేమో ఊరంతా కటౌట్లు పెట్టిన తెలుగు హీరో తరఫు.

"ఎగిరేవాడికి కథేంట్రా? చావు లేదు, ఆకలి లేదు. వాడికేమవుద్దోనని ఎవడు భయపడతాడు?" అన్నాడు బాబాయి.

"మీవాడు కాలితో తంతే జీపులు గాల్లోకి లేస్తాయి. ముసుగేసుకోలేదు, అంతే తేడా బాబాయ్."

"మనోడి తన్నుకి ఓ పగ ఉంటది. ఆ పగకో కారణం ఉంటది."

"ఆ... ఉంటది. ఇంటర్వెల్ తర్వాత అరగంట ఏడుపు."

నాన్న పేపరు పక్కన పెట్టారు. "ఆ కత్తులూ నెత్తుర్లూ అమ్మకెందుకు గౌసూ. ఈ ఎగిరేవాడు జనాన్ని కాపాడతాడంటగా. దివిసీమ ఉప్పెన చూసిన మనిషి... కాపాడే కథైతే నచ్చుద్ది."

దాంతో అన్నయ్య గెలిచాడు. నానమ్మ మంగళగిరి చీర కట్టుకుని, మరచెంబులో నీళ్ళు పట్టుకుని బయల్దేరింది. బాబాయి కూడా వచ్చాడు.

ఇంటర్వెల్ దాకా బాగానే చూసింది. ఆ తర్వాత విలన్ సముద్రాన్ని ఊరి మీదికి తోలాడు. మేడంత ఎత్తు అల. వంతెన మీద కార్లు, బడిపిల్లల బస్సు, పరిగెత్తే జనం... అంతా నీళ్ళపాలు. హాలంతా ఈలలు. పైన ఎగిరేవాడూ విలనూ మేడలు పీకి ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నారు. ముందు వరసలవాళ్ళు కాగితాలు చించి ఎగరేస్తున్నారు. నానమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఉప్పెనలో ఆవిడ చెల్లెలు కొట్టుకుపోయింది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

"పోదామా అమ్మా?" అన్నారు నాన్న.

"ఉండరా. నీళ్ళల్లోవాళ్ళ సంగతి చెప్పాలిగా. చెప్తాడు."

విలన్ చచ్చాడు. ఎగిరేవాడు ఓ అమ్మాయిని ఎత్తుకుని మేడ మీద నిలబడి నవ్వాడు. లైట్లు వేశారు. జనం లేచి పోతున్నా నానమ్మ లేవలేదు.

"అయిపోయిందా? బస్సులో పిల్లల సంగతి చూపించలేదే."

ఇంటికొచ్చి మంచం మీద కూలబడింది. "ఛీ... అంతమంది పోతుంటే ఈలలేంట్రా? మనుషులేనా వాళ్ళు?" ఆవిడ నోట 'ఛీ' అన్న మాట నేను వినడం అదే మొదలు. ఆ సినిమా మీద అప్పుడు పుట్టిన రోత నాకు ఈ రోజుకీ పోలేదు.

గౌస్ బాబాయి వాటాలోకి వెళ్ళకుండా మంచం పక్కనే చతికిలబడ్డాడు. "కథ చెప్పనా పెద్దమ్మా?"

"చూసొచ్చాగా."

"అయినా వినండి."

ఫైటింగులు తీసేసి చెప్పాడు. అల రాకముందే డ్రైవరు బస్సుని గుట్ట ఎక్కించాడట. గుట్ట మీదివాళ్ళు పిల్లలకి గంజి కాచి పోశారట. తెల్లారాక ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలిచి వాళ్ళ అమ్మలకి అప్పజెప్పారట.

నానమ్మ విసనకర్ర ఆపింది. "ఇదెప్పుడొచ్చిందిరా? నేను చూళ్ళేదే."

"మీరు కళ్ళజోడు తుడుచుకునేటప్పుడు వచ్చిందమ్మా."

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మెల్లగా అంది... "ఆ పేర్లు పిలిచింది మళ్ళీ చెప్పు."

మళ్ళీ ఎప్పుడూ హాలుకి రాలేదు. కళ్ళు బాగున్నా, ఉన్నన్నాళ్ళూ బాబాయి చెప్పిన సినిమాలే విన్నది.

మొన్న మా అబ్బాయి బలవంతపెడితే ఓ పెద్ద సినిమాకి వెళ్ళాను. అవే మేడలు, అదే కూలడం, చెవులు పగిలే అదే మోత. ఒళ్ళు మండిపోయింది. ఎలా ఉందిరా అంటే మొదటిరోజు కలెక్షన్ చెబుతాడు. బాలేదని ఇక్కడ నెట్‌లో ఓ ముక్క రాస్తే ముక్కూమొహం తెలియనివాళ్ళొచ్చి ఇంట్లో ఆడవాళ్ళని కూడా లాగి తిడతారు. మా వసారాలో అంత వాదించుకున్నా, చివరికి అందరూ ఒకే మరచెంబులో నీళ్ళు తాగేవాళ్ళు. "ఫైటింగులు తీసేసి కథ చెప్పరా" అన్నాను మావాడితో. వాడు ఫోన్ తీసుకుని మళ్ళీ కలెక్షన్లు చూసుకున్నాడు.

తెర మీద ఊళ్ళు కూలినప్పుడల్లా నేను మాత్రం పైన ఎగిరేవాడిని చూడను... కింద ఆ బస్సు కోసం వెతుక్కుంటాను. మీ ఇంట్లోనూ అలా బస్సుని గుట్ట ఎక్కించిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. వాళ్ళ గురించి కామెంట్లో రాయండి... ఫైటింగులు తీసేసి.