ఏడో నంబరు నీళ్ళు

మా మేనమామ చెన్నకేశవులు గారు నంద్యాలలో ఒక నూనెమిల్లులో ఇరవై ఎనిమిదేళ్ళు కెమిస్టుగా పనిచేసి, 1953లో విరమించి, ఆళ్లగడ్డ దాపునున్న సొంత ఊరికి వచ్చారు. ఇక విశ్రాంతి తీసుకుంటారనుకున్నాం. ఆయన తేనెటీగలు పెంచారు, ఫోటోలు తీశారు, చెడిన హార్మోనియంలు బాగుచేశారు, కరక్కాయతో అన్నభేదితో సిరా కాచారు, జామకు అంట్లు కట్టారు. ఏదీ కాలక్షేపంగా చేయలేదు. తేనెపెట్టెలకు, ఫోటోలకు, అంట్లకు అన్నిటికీ అంకెలు వేశారు.

"చూస్తా ఉండు పాపా, రేపు నాకూ ఒక అంకె అతికిస్తాడు మీ మామ" అనేది అత్త భారతమ్మ.

అంకెలు ఎందుకని నేనొకసారి అడిగాను. "పేరు రాసినామంటే మనసు ఆ పేరు పక్కకే పోతాది. అంకె వేస్తే సరుకే కనపడ్తాది" అన్నారు.

1958 వేసవిలో మంచినీళ్ళ బావి కోసం ఊరికి ప్రభుత్వ సాయం మంజూరైంది. ఏ బావి నీళ్ళు మంచివో తేల్చమని పంచాయతీ ప్రెసిడెంటు మద్దిలేటి మా మామను అడిగాడు. మామ పదకొండు బావుల నీళ్ళు సీసాలకు పట్టి అంకెలు వేశారు. ఏ అంకె ఏ బావిదో రాసిన కాగితాన్ని కవరులో పెట్టి లక్క వేశారు. తేలిన అంకెకు పెద్దలు ముందుగా సంతకాలు చేయాలి, ఆ తర్వాతే కవరు విప్పాలి. అది ఆయన షరతు.

సిల్వర్ నైట్రేటు చుక్కలు పడగానే పది సీసాలు ఉప్పు వల్ల పాలలా తెల్లబడ్డాయి. ఏడో సీసా తేటగా నిలిచింది. పెద్దలు సంతకాలు చేశారు. కవరు విప్పితే, ఏడోది క్రైస్తవపాలెం బావి. అరవై ఇళ్ళకు ఉన్న ఒకే ఒక్క బావి.

"ఏందన్నా ఇది? ముందే చెప్పింటే సంతకం పెడ్తామా?" అన్నాడు మద్దిలేటి.

"అందుకే చెప్పల్యా."

"మా ఆడోళ్ళు ఆడికి కడవలెత్తుకొని పోతారా? మల్లా చూడు."

మామ మూడుసార్లు చూశారు. నీళ్ళు మారలేదు. ఆ బావినే లోతు చేసి, రాతికట్టు కట్టి, అందరికీ తెరవాలని ఆయన ఉద్దేశం. నాలుగో రోజు మద్దిలేటి నవ్వుతూ వచ్చాడు.

"నీ మాటే నిలబెట్టినామన్నా. ఏడో నంబరు ఊటే పట్టుకుంటాం. బాయి మాత్రం మా చేన్లో, ముప్పై అడుగులు ఇవతల."

"ఊట ఒకటే అప్పా. ఈడ లోతు తవ్వితే ఆడ ఎండుతాది."

"నీళ్ళ సంగతి నువ్వు చూసినావు. నేల సంగతి మేం చూసుకుంటాం లే."

మామ అయిదు అర్జీలు రాశారు. బస్సులో నంద్యాలకు మూడుసార్లు తిరిగారు. అక్కడి అధికారి పెద్దలు సంతకాలు చేసిన కాగితాన్నే ఆయన ముందు పెట్టాడు. అందులో పాలెం పేరు లేదు. ఏడో నంబరు నీళ్ళు ఊరికి ఆమోదమని మాత్రమే ఉంది, మామ దస్తూరిలో.

మరుసటి ఫిబ్రవరికి కొత్త బావి పడింది. పాలెం వాళ్ళను దాని దరికి రానివ్వలేదు. మే నెలకు పాలెం బావి అడుగంటింది. మామ తేనెపెట్టెలు, హార్మోనియంలు అన్నీ వదిలేసి, ముడులు వేసిన తాడుతో రోజూ పొద్దున పాలెం పోయి నీటిమట్టం కొలిచేవారు. పందొమ్మిదో రోజు నేను వెంట ఉన్నాను. పాలెం బడిపంతులమ్మ లూదియా గట్టు మీద ఖాళీ కడవతో కూర్చొని ఉంది.

"ఏం సార్, మల్లా కొలుస్తాండారా?"

"రాసి పెడ్తే ఎప్పటికైనా పనికొస్తాదమ్మా."

"మంచి నీళ్ళని మీరు రాసేదాకా మా బాయి మాకుండె. ఇంగ రాయొద్దు సార్, మీకు దండం పెడ్తా."

మామ తాడు చుట్టుకొని వచ్చేశారు. మళ్ళీ ఆ దారిన పోలేదు. 1960 జనవరిలో కాలం చేశారు.

పాలెం తరఫున మళ్ళీ అర్జీ పెట్టడానికి ఆయన నోటుబుక్కు నా దగ్గర ఉంచుకున్నాను. కొత్త బావి వల్లనే పాతది ఎండిందనడానికి కనీసం ఏడాది కొలతలు కావాలని ఆఫీసువారి మాట. ఉన్నవి పందొమ్మిది రోజులవి. లూదియాను తప్పుపట్టలేను. మామ పద్ధతిలో తప్పు వెదికాను, దొరకలేదు. పాలెం ఆడవాళ్ళు వాగు ఇసుకలో చెలమలు తవ్వి, ముంతలతో తోడుకుంటున్నారు.