ఆదోనిలో విశ్రాంతి వనం వెతికిన సాయంత్రం

ఆ రోజుల్లో ఊరి పార్కుకు పేరు పెట్టడమంటే పుట్టిన బిడ్డకు పేరు పెట్టడం కంటే పెద్ద రభస. బిడ్డకైతే ఇంట్లోవాళ్ళే కొట్లాడుకుంటారు, పార్కుకు ఊరంతా కొట్లాడుకుంటుంది. ఆదోనిలో ఒక మునిసిపల్ పార్కు ఉండేది. దానికి మొదట ఎవరో తెల్లదొర పేరు. దొరలు పోయినాక ఒక నాయకుడి పేరు. తర్వాత చైర్మనైన ఒకాయన వాళ్ళ నాయన పేరు పెట్టించినాడు. ఆయన ఓడిపోతూనే గెలిచినాయన ఆ పేరు గీకించేసి తన మామగారి పేరు రాయించబోయినాడు (మామగారు అప్పటికి బతికే ఉన్నారు, పైగా రోజూ అదే పార్కులో పేకాడేవారు). గొడవ ముదిరి, చివరికి ఎవరి పేరూ వద్దని, ‘విశ్రాంతి వనం’ అని తీర్మానం చేసినారు. జనానికి మాత్రం వీటిలో ఒక్కటీ తెలియదు. లోపల పిల్లలు జారడానికి సిమెంటు ఏనుగు ఉంది గనక అది వాళ్ళకు ఏనుగు పార్కు, అంతే. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిసినవి. ముందే తెలిసుంటే నా పెళ్ళిచూపులు అట్లా జరిగేవి కావు.

మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. అంతకు ముందు వచ్చిన సంబంధం కుదిరినట్లే కుదిరి తప్పిపోయింది. వీధిలో ప్రతి అమ్మా ఆగి, “వద్దన్నారంట కదమ్మా, పాపం” అని పరామర్శించేది. ఆ పరామర్శలకే మా నాయన సగం చిక్కిపోయినాడు. అందుకే ఈసారి, “మన ఇంట్లో వద్దు. యాడన్నా బయట చూసుకోనీ. కుదరకుంటే మూడో కంటికి తెలియగూడదు” అన్నాడు. సంబంధం తెచ్చింది మా చిన్నమ్మ. పిల్లవాడు ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా. వాళ్ళ మేనమామ మునిసిపల్ కౌన్సిలరు, పార్కు కొత్త పేరుకు చెయ్యెత్తినవాళ్ళలో ఒకడు. ఆ హుషారులో చిన్నమ్మతో, “ఆదివారం సాయంత్రం విశ్రాంతి వనానికి రాండమ్మా. ఎవురినడిగినా సెప్తారు” అన్నాడంట.

ఎవరూ చెప్పలేదు. బస్టాండులో దిగి జట్కా తాతను అడిగితే, “విశ్రాంతి వనమా? మనూర్లో యాడుందబ్బా?” అని గడ్డం గోక్కొని, “ఆ, తెలిసె! ఎక్కండి” అన్నాడు. తీసుకొనిపోయి దొరల కాలం నాటి ప్రయాణికుల బంగళా ముందు దించినాడు. అక్కడి వాచ్‌మన్ ఎవరో ఆఫీసరు కుటుంబమనుకొని సలాం కొట్టి, గది తాళం తీసి, “రాత్రికి కోడా, గుడ్డా?” అని అడిగినాడు. “అవేమీ వద్దప్పా, మాకు పెళ్ళికొడుకు కావల్ల” అనింది చిన్నమ్మ. “అది ఈడ వండరమ్మా” అన్నాడతను.

తాతకు పౌరుషం వచ్చింది. దారిలో టీ బంకు ముందు కూర్చున్న పెద్దమనిషిని అడిగినాడు. ఆయన ‘విశ్రాంతి’ అనే మాటను రెండుసార్లు నోట్లో తిప్పుకొని, మా నాయన తెల్లపంచె చూసి, చిన్నమ్మ చేతిలో పూలబుట్ట చూసి, మొహం దిగాలుగా పెట్టి, “ఊరి బయటికి పోవల్ల” అన్నాడు. పోయినాం. పెద్ద గేటు, లోపల వేపచెట్లు, చల్లటి గాలి. “ఎంత ప్రశాంతంగా ఉందో!” అని చిన్నమ్మ మెచ్చుకొనింది. లోపలినుంచి కాపరి వచ్చి నాయనతో మెల్లగా, “ఎంతమంది వస్తాండారు సామీ?” అన్నాడు.

“మేము ముగ్గురమే. పిల్లోని తరపువాళ్ళు ముందే వచ్చింటారు.”

“పిల్లోడా! అయ్యయ్యో, పెండ్లయిందా?”

“కాలేదప్పా, దానికోసమే గదా ఈ తిప్పలు.”

“అయ్యో దేవుడా. ఎట్ల జరిగె?”

“ఇంకా జరగల్లేదు. ఈపొద్దు అందరం చూసుకొని, నచ్చితే జరిపిస్తాం.”

కాపరి రెండడుగులు వెనక్కి వేసినాడు. నాకు అప్పుడు కనబడింది, వేపచెట్ల వెనక ఇంకా ఆరని కట్టెల పొగ. పట్టుచీర కట్టుకొని, తలనిండా పూలు పెట్టుకొని, శ్మశానం గేటు పట్టుకొని నేను నవ్వడం మొదలుపెట్టినాను. ఆగితే కదా! చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకొనింది. తాత గుర్రం వైపు తిరిగి భుజాలు కుదుపుతున్నాడు. నాయన ఒక్కడే నవ్వలేదు. “కావాల్నే ఆట పట్టించినారు. ఇంగ ఈ సంబంధం వద్దు, బస్సుకు పోదాం పదండి” అన్నాడు.

బస్సుకు ఇంకా పొద్దుంది. తాత సిగ్గుపడి, “ఏనుగు పార్కులో కూర్చోండమ్మా, కొళాయి నీళ్ళుంటాయి” అని పార్కు వెనక గేటు దగ్గర దించినాడు. నాయన మొహం మీద కండువా కప్పుకొని బెంచీ మీద పడుకున్నాడు. చిన్నమ్మ సోడా కోసం పోయింది. పెళ్ళిచూపులు తప్పిపోయిన ఆడపిల్ల మనసు ఎంత తేలికగా ఉంటుందో నేను చెప్పలేను. ఏనుగు ఎక్కేదానికి పోయినాను. “అక్కా, లైన్లో రా!” అని పిల్లలు కసిరితే బుద్ధిగా వెనక నిలబడి, నా వంతు వచ్చినాకే ఎక్కినాను. పట్టుచీరకు నున్నటి సిమెంటు తోడైతే ఆ వేగమే వేరు. తొండం మీదుగా దూసుకొని వచ్చి, కొళాయి దగ్గర నీళ్ళు తాగుతున్న ఒకాయన కాళ్ళకు తగిలి ఆగినాను. ఆయనకు పొలమారింది.

“అన్నా, దెబ్బ తగల్లేదు గదా?” అని లేచి, ఇసుక దులుపుకుంటూ, ఇంక పోయేదేముందని, “అన్నా, ఈ ఊర్లో విశ్రాంతి వనమంటే యాడో తెలుసా?” అన్నాను.

“ఇదే.”

“ఇది ఏనుగు పార్కు గదన్నా?”

“మొన్నటిదాకా.” ఆయన నా పూలూ చీరా చూసి, దగ్గు ఆపుకొని, “మీరు ఎమ్మిగనూరి నుంచి వచ్చినారా?” అన్నాడు. అప్పటికే మూడుసార్లు అన్నా అనేసినాను.

నాయననూ చిన్నమ్మనూ పిలుచుకొని ఆయన వెంట పోతే, ముందు గేటు దగ్గర వాళ్ళింటివాళ్ళు జంఖానా పరుచుకొని, మేము రాలేదని చిన్నబోయి కూర్చోనుండారు. నెత్తి మీద బోర్డులో పాత పేరు గీకేసిన గీతలు తప్ప ఏమీ లేదు. “పెయింటరు రేపొస్తాడు” అన్నాడు కౌన్సిలరు మామ. “నీ పేరు పాడుగాను, శ్మశానం చూసి వచ్చినామయ్యా!” అని నాయన అరిచినాడు. క్షమాపణలయి, అందరూ నవ్వుకునే లోపల ఏనుగు దగ్గరి పిల్లలు మా వెనకే వచ్చి, “అక్క జారె! ఆ అన్నను అన్నా అనె!” అని చాటినారు. పెళ్ళికొడుకు జేజికి, అంటే వాళ్ళ నాయనమ్మకు, మొహం మారిపోయింది. “అన్నా అనిన పిల్లను ఎట్ల చేసుకుంటావురా? వరస చెడిపాయె” అనింది. నాయన కండువా నలుపుతున్నాడు. అంతవరకు ఈ సంబంధం పోతే పోనీ అనుకున్న నాకు ఒక్కసారిగా గుండె జారింది.

ఆయనే అన్నాడు: “జేజీ, ఊరి పార్కుకే ఇన్నిసార్లు పేరు మార్చినారు. ఈ పిల్ల నన్ను పిలిచే పేరు ఒక్కసారి మార్చుకోలేదా?”

మామ వెంటనే కౌన్సిలు మీటింగులో మాదిరి చెయ్యి పైకెత్తినాడు. చూసి చిన్నమ్మ ఎత్తింది. పిల్లలంతా రెండు చేతులూ ఎత్తినారు. జేజి అందరినీ ఒకసారి చూసి, “సరేలే, జారేటప్పుడు పిల్ల కాళ్ళకు దెబ్బ తగిలిందేమో చూడండి ముందు” అనింది.

తిరిగి పోయేటప్పుడు బస్సులో నాయన నా పక్కనే కూర్చున్నాడు. కోటేకల్లు దాటినాక ఉన్నట్టుండి, “నచ్చితే జరిపిస్తామన్నానే ఆ కాపరితో!” అని నవ్వడం మొదలుపెట్టినాడు. కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా, ముందు సీట్లవాళ్ళు తిరిగి చూసేదాకా నవ్వినాడు. నాయన అట్లా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా పెద్దగా చూడలేదు. కిటికీ పక్కన కూర్చున్న ఆ పట్టుచీర పిల్ల, అదే అప్పటి నేను, మాత్రం ఆయన వైపు ఒక్కసారి చూసి, కమ్మీకి తల ఆనించి నిద్రపోయింది. పిచ్చిది, ఆ నవ్వు ఇంక రోజూ ఇంట్లోనే వినబడుతుందిలే అనుకొనింది.