ఆర్డిస్ హాగెన్ ఊడదీసిన ఇరవై తూటాలు

ఆర్డిస్ హాగెన్ ఇరవై మూడేళ్ళు వరసగా, లాటరీ తీసి ఇచ్చే మూస్ దుప్పి వేట చీటీకి దరఖాస్తు పెట్టింది. ఇరవై మూడేళ్ళూ రాలేదు. అరవై మూడో ఏట, జూన్ నెలలో, బడి వంటగది మూసేసి ఇంటికి వచ్చేసరికి పోస్టు డబ్బాలో ఆ చీటీ ఉంది. ఈ ఏడు తప్పితే, చీటీ ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ దరఖాస్తు పెట్టడానికే ఏడేళ్ళు ఆగాలి. డెబ్బై ఏళ్ళకి మోకాళ్ళు వేట జరిగే బిగ్ హోల్ లోయ బురద తొక్కనిస్తాయో లేదో దేవుడికే తెలియాలి.

చీటీ రాగానే ఆమె అన్న మాట ఒకటే. "నాన్న రైఫిల్‌తోనే వెళ్తా." ఆయన అదే చీటీ కోసం ఎదురుచూసి ఎదురుచూసి పోయాడు. రైఫిల్ బీరువాలో నూనె పట్టించి భద్రంగా ఉంది. దాని తూటాలు మాత్రం దుకాణాల్లో కనబడటం మానేసి చాలా కాలమైంది. కాఫీ డబ్బాలో నాన్న దాచిన, కాల్చేసిన తూటాల ఇరవై ఖాళీ ఇత్తడి తొడుగులు తప్ప ఇంకేమీ లేవు.

"నా రైఫిల్ పట్టుకుపో అక్కా, బంగారంలా ఉంటుంది," అన్నాడు తమ్ముడు డెల్బర్ట్.

"నీ బంగారం నువ్వే ఉంచుకో. ఈ తొడుగుల్లో మందూ గుండూ పెట్టి తూటాలు నేనే కట్టుకుంటా."

డెల్బర్ట్ పడీ పడీ నవ్వాడు. వాడి షెడ్డులో తూటాలు కట్టే పెద్ద యంత్రం ఉంది. ఒక్కసారి పిడి లాగితే ఐదు పనులు చేస్తుంది, పది నిమిషాల్లో డబ్బా నింపుతుంది. ఊళ్ళో ఆ యంత్రం గురించి విననివాళ్ళు లేరు, వినిపించందే వాడు ఊరుకుంటే కదా!

ఆర్డిస్ వాడి మాట చెవిన వేసుకోకుండా ఎమ్మెట్ రూడ్ దుకాణానికి వెళ్ళింది. ఎమ్మెట్‌కి ఎనభై దాటాయి. ఆమె నాన్నతో కలిసి వేటాడినవాడు.

"ముందు ఈ పుస్తకం కొనుక్కో అమ్మాయ్," అన్నాడు. "రెండుసార్లు చదివాక మళ్ళీ రా. అప్పుడు మిగతావి అమ్ముతా."

ఆమె మూడుసార్లు చదివి వెళ్ళింది. ఎమ్మెట్ బల్ల మీద ఒక్కొక్కటే పెట్టాడు. ఒక్క పిడి లాగితే ఒక్క పనే చేసే చిన్న ప్రెస్, ఆమె రైఫిల్‌కి సరిపడే డైలనే ఉక్కు అచ్చులు, తూకానికి పాతకాలపు త్రాసు, తుపాకి మందు సీసా, ఆ మందు పోసుకుని కొంచెం కొంచెంగా వదిలే కొలత డబ్బా, తొడుగులు నిలబెట్టే చిల్లుల చెక్క. చివర్న ఒక బోలు ప్లాస్టిక్ సుత్తి.

"ఇదెందుకు బాబాయ్?"

"కట్టిన తూటా ఊడదీయడానికి. ఇది లేకుండా పోతే మిగతావీ ఇవ్వను."

డెల్బర్ట్ ఆ సుత్తి చూసి మరీ రెచ్చిపోయాడు. "కట్టకముందే ఊడదీసే సామాను కొన్నావా? నీ మీద నీకు ఎంత నమ్మకమే అక్కా!"

ఆమె బడి వంటగదిలో నాలుగు వందల మంది పిల్లలకి ముప్పై ఏళ్ళు వండిన మనిషి. ఉప్పు ఎక్కువైన పులుసు ఎలా ఉంటుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఎమ్మెట్ ఒక నియమం కూడా చెప్పాడు. బల్ల మీద ఒక్కసారికి ఒక్క మందు సీసానే ఉండాలి. ఒక రకం మందు ఇంకో రకంతో కలిస్తే తుపాకి చేతిలోనే పేలిపోవచ్చు. పని కాగానే కొలత డబ్బాలో మిగిలింది ఆ సీసాలోకే పోసేయాలి. ఆర్డిస్ అలాగే చేసింది, ఒక్కసారి తప్ప. ఆగస్టు చివర్లో పది తూటాలు కట్టి, కంకర గుంటలో కాల్చి చూసింది. గురి చక్కగా కుదిరింది. ఆ సంతోషంలో కొలత డబ్బాలో కాస్త మందు మర్చిపోయింది. ఆ మర్నాడే బళ్ళు తెరిచారు, ఇక వంటగది హడావిడిలో పడిపోయింది.

వేట మొదలయ్యే ముందురోజు మధ్యాహ్నం మళ్ళీ బల్ల దగ్గర కూర్చుంది. డబ్బాలో మందు కనబడింది. అవును, మర్చిపోయాను కదా అనుకుని, ఒక్కొక్కటే తూచి ఇరవై తూటాలూ కట్టేసింది. మిగిలింది సీసాలోకి పోద్దామని మూత తీసి ఆగిపోయింది. సీసా పైన రెండు వేళ్ళ ఖాళీయే ఉంది. కొలత డబ్బాలో ఇంకా నాలుగు వేళ్ళ మందు మిగిలింది. వాడిన కొద్దీ పెరిగే పిండి ఆమె ముప్పై ఏళ్ళలో ఎక్కడా చూడలేదు.

ఇంటి రెండో తాళంచెవి ఉన్న తమ్ముడికి వెంటనే ఫోన్ చేసింది. డెల్బర్ట్ వచ్చి గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

"నా యంత్రం బిగుసుకుపోయిందక్కా. సోమవారం నువ్వు బడికెళ్ళినప్పుడు వచ్చి నీ దానిమీద కట్టుకున్నా. నాదే ఆ మందు. రంగు ఒకటే, రూపు ఒకటే. ఏం కాదులే."

"ఏం కాదని పుస్తకంలో ఉందా?"

"రేపు తెల్లారేసరికి వేట. ఇప్పుడు అన్నీ ఊడదీస్తావా?"

ఆమె జవాబుగా సుత్తి అందుకుంది. ఒక తూటా దాని తలలో బిగించి, కర్ర మొద్దు మీద కొట్టింది. మూడో దెబ్బకి గుండు ఊడి వచ్చింది. మందు గిన్నెలోకి ఒంపింది. రెండోది తీసుకుంది. డెల్బర్ట్ కాసేపు చూసి, "మొండితనం అచ్చం నాన్నదే," అన్నాడు. ఆమెకి ఆ మాట తిట్టులా వినిపించలేదు. ఇంకా ధైర్యం వచ్చింది.

పదిహేనో తూటా దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"ఒరేయ్, నువ్వు నీ మందు పోసేముందు డబ్బా ఖాళీగా ఉందా?"

డెల్బర్ట్‌కి అప్పుడు తట్టింది. ఆమె మర్చిపోయిన మందు మీదే వాడు తనది పోశాడు. అంటే వాడి తూటాల్లోనూ రెండూ కలిసిన మందే. బయటికి నడిచి, ట్రక్కులోంచి తన తూటాల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. అరవై ఉన్నాయి.

"నీ పనయ్యాక ఆ సుత్తి ఇలా ఇవ్వక్కా."

"తప్పు ఇద్దరిదీరా," అంది ఆమె. "నేను వదిలేయకపోతే నీకూ ఈ తిప్పలు లేవు."

ఇరవై తూటాలూ ఊడదీసి, గిన్నెలోదీ డబ్బాలో మిగిలిందీ కలిపి పెరట్లో గడ్డి మీద చల్లేసింది. డబ్బా శుభ్రంగా తుడిచి, తన సీసాలోంచి కొత్తగా పోసి, ఐదంటే ఐదే తూచి కట్టింది. చేతులు లాగేస్తున్నాయి. అలసిన చేత్తో ఆరోది కట్టకూడదని పుస్తకంలో లేదు గాని, వంటగదిలో ఆమె నేర్చుకున్నది అదే.

మర్నాడు పదిన్నరకి ఆమె మోకాళ్ళదాకా బురదతో తిరిగి వచ్చింది. డెల్బర్ట్ పొద్దున్నే వచ్చి ఆమె బల్ల ముందే కూర్చుని నలభయ్యో తూటా కొడుతున్నాడు.

"సుత్తి కింద పెట్టి ట్రక్కు తియ్యి. మాంసం నేనొక్కదాన్నే మోయలేను."

వాడు నోరు తెరిచాడు. "ఎన్ని కాల్చావే?"

ఆర్డిస్ జేబులోంచి నాలుగు తూటాలు తీసి, నాన్న కాఫీ డబ్బా పక్కన నిలబెట్టింది.