కుర్తాలియాక్ ఉమ్మడి బట్టీ

జెలీ ఫాబ్రెగ్ పెళ్లి చేసుకోలేదు, ఊరు దాటి ఉద్యోగానికీ పోలేదు. బతుకంతా రొట్టెల బట్టీనే చూసుకుంది, అంతే. కుర్తాలియాక్ ఊరుమ్మడి రొట్టెల బట్టీ మొదట ఆమె తల్లి చేతిలో ఉండేది, తర్వాత ఆమె చేతికొచ్చింది. పట్నం నుంచి రొట్టెల వ్యాను రావడం మొదలయ్యాక బట్టీ గడప తొక్కినవాడు లేడు. ఇరవై రెండేళ్లుగా చల్లారి పడుంది. జెలీ మాత్రం రోజూ వెళ్లి దాని ముందు ఊడ్చి వచ్చేది. పిచ్చిదన్నారు. అననీ!

ఆ బట్టీని పడగొట్టి కార్లు నిలుపుకునే చోటు చేద్దామని మేయరు మార్సెలిన్‌కి బుద్ధి పుట్టింది. ఊరి సభలో జెలీ లేచి నిలబడింది.

"అది మీ ముత్తాతల కష్టంరా, అబ్బాయ్!"

"మా ఇంటివాళ్లకి సొంత బట్టీ ఉండేది, అవ్వా. ఊరి బూడిద మాకెందుకు?" అని మార్సెలిన్ నవ్వాడు. "సరే, వచ్చే ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, మధ్యాహ్నంలోగా అందులో రొట్టె కాల్చి చూపించు. కాలిందా, జోలికి రాను. లేదా, సోమవారం గునపాలు దిగుతాయి."

అవ్వ ఆదివారం పొద్దున్నే ఒక్కసారిగా మంట పెడుతుంది, లోపలి ఇటుకల గూడు పగిలి కూలుతుంది, పీడ వదులుతుందని అతని లెక్క. పాపం, సగమే తెలిసినవాడు! చల్లారిన బట్టీని రోజుకింత చొప్పున మెల్లగా వేడెక్కిస్తే పగలదు. పాతరోజుల్లో ఇళ్లవాళ్లు వంతులేసుకుని కాల్చుకునేవారు; చల్లటి బట్టీని వేడెక్కించే మొదటి వంతువాడికే కట్టెలన్నీ తగలబడేవి. అందుకే ఆ వంతు ఎవరికీ వద్దు, చీటీలేసి ఒకడి నెత్తిన పెట్టేవారు.

జెలీ సోమవారమే మొదలెట్టింది. మొదటిరోజు గుప్పెడు ద్రాక్షపుల్లలు, మర్నాడు చేతినిండా, ఆ మర్నాడు ఒళ్లోకి వచ్చినన్ని. పొగ చూసి మార్సెలిన్ "అవ్వ చలి కాచుకుంటోంది" అని వెక్కిరించాడు.

ఆదివారం పూజ ముగిసి చర్చి గంట మోగింది. జనం బట్టీ చుట్టూ మూగారు. లోపలి గూడు ఇటుకలు మసి వదిలి తెల్లబడితేనే రొట్టె పెట్టాలి. ఒక మూల ఇంకా నల్లగానే ఉంది. మార్సెలిన్ గడియారం చూసుకున్నాడు. జెలీ చివరి పుల్లల కట్ట లోపలికి తోసింది. ఆ మూల బూడిదరంగుకి తిరిగి, ఆపైన తెల్లబడింది!

రొట్టెలు పొంగి, ఎర్రగా కాలి బయటికొచ్చాయి. ఒక్కోదాని మీదా, ఎవరి రొట్టె ఎవరిదో తెలిసేలా పాతరోజుల్లో నొక్కే ఒక్కో ఇంటి కొయ్యముద్ర. ఆ ముద్రలన్నీ జెలీ పెట్టెలో దాచుంచింది. ఒక రొట్టె తీసి మార్సెలిన్ చేతిలో పెట్టింది. దాని మీద కొడవలి, రెండు చుక్కలు. అతని ఇంటి గుమ్మం రాతి మీద చెక్కిన గుర్తే అది.

"మీ బట్టీ కూలాక పన్నెండేళ్లు మీ నాయనమ్మ ఇక్కడే కాల్చుకుంది. పళ్లొచ్చేటప్పుడు నువ్వు నమిలింది ఈ రొట్టె అంచేరా!"

జనం గొల్లున నవ్వారు. మార్సెలిన్ మొహం కందగడ్డయింది. కాస్త తుంచి నోట్లో వేసుకున్నాడు. నములుతూ నములుతూ కళ్లు తుడుచుకున్నాడు.

"అవ్వా, వచ్చే చలికాలం మొదటి వంతు మాది. కట్టెలు నేనే తెస్తా."

చీటీ వెయ్యకుండా మొదటి వంతు అడిగి తీసుకున్నవాడు కుర్తాలియాక్‌లో అంతకుముందు ఒక్కడూ లేడు.