పదో నంబరు బాట

తెనాలిలో ఎవరు ఎవరికైనా నమస్కారం పెట్టుకోవచ్చు. సర్వేయరు వేంకటసుబ్రహ్మణ్యం గారు సైకిలు మీద ఉన్నప్పుడు మాత్రం ఆయనకి పెట్టకూడదు. పెడితే లెక్క పోతుంది.

లెక్కంటే చక్రం లెక్క. ముందు చక్రానికి ఎర్రగుడ్డ పీలిక ఒకటి కట్టి, అది పైకొచ్చినప్పుడల్లా ఒకటి, రెండు అని గట్టిగా అరుచుకుంటూ బాటలు కొలిచేవారు. ఏడు వందల యాభై నాలుగు చుట్లయితే మైలు. "ఆఫీసులో కొలతగొలుసుంది కదండీ" అంటే, "గొలుసు తిన్నగా పోతుందయ్యా. కాలిబాట తిన్నగా పోతుందా?" అనేవారు. మధ్యలో ఎవరైనా పలకరించారో, "పోయింది! ఆరువందల పద్దెనిమిది దగ్గర పోయింది!" అని దిగి, ఆ మనిషి రెక్క పట్టుకుని మొదటికంటా నడిపించి, ఈసారి అతనిచేతే లెక్కపెట్టించేవారు. అందుకని ఆయన సైకిలు కనిపిస్తే పెద్దమనుషులు కూడా కిళ్ళీకొట్టు వెనక్కి తప్పుకునేవాళ్ళు.

పెళ్ళినాడూ ఇంతేనట. రేపల్లెకి సైకిలు రైల్లో వేసుకొచ్చి, స్టేషను నుంచి విడిదింటికి ఎంతుందో చూద్దామని బయల్దేరారట. ఇల్లు ఇంకో నలభై చుట్లుందనగా పెళ్ళికూతురి అన్న ఎదురొచ్చి, "దయచెయ్యండి బావగారూ!" అన్నాడు. అంతే. ఇద్దరూ మళ్ళీ స్టేషనుకి. "మా అన్నయ్య పరిగెత్తుతూ లెక్కపెట్టబట్టి ముహూర్తం దక్కింది" అని ఆయన భార్య వేదవతి గారు కాఫీ ఇచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు.

పటాలు గీసే సుందరయ్య ఈయన కింద చేరింది అరవై ఎనిమిదిలో. ఉద్యోగం టెంపరరీ, ఇంట్లో నలుగురు. ఊళ్ళో బస్సులూ లారీలూ ఎక్కువైపోయి సైకిళ్ళవాళ్ళు కాలవలో పడుతున్నారని, కాలవగట్ల వెంబడీ రైలుకట్ట వారా నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ విడిగా పది బాటలు వేసి, ఒకదానికొకటి కలపాలన్నది పథకం. తొమ్మిది బాటలు నెలలో పటానికెక్కాయి. పదోది, వంతెన నుంచి తూర్పుగట్టున శివారు పల్లెకి వెళ్ళేది, నలభై రోజులైనా కొలత తేలలేదు.

"ఇవాళ ఎంతొచ్చిందండీ?"

"ఎనిమిదివందల రెండు దగ్గర ఎవడో తుమ్మాడయ్యా."

"తుమ్మితే కూడా పోతుందాండీ?"

"చిరంజీవ అనాలి కదయ్యా! అన్నాను. పోయింది."

సుందరయ్యకి ఏమీ అర్థం కాలేదు. ఊరంతా కొలిచిన మనిషికి ఈ మైలున్నర ఎందుకు కొరుకుడు పడదు? పొద్దున పోతే గట్టు మీద పిట్ట ఉండదు కదా, సాయంత్రం నాలుగున్నరకే ఎందుకు బయల్దేరడం?

ఇంతలో బాపట్ల నుంచి పైఅధికారి బ్రహ్మయ్య గారు దిగారు. "శుక్రవారానికి పటం గుంటూరు చేరాలి. చేరకపోతే పథకం వచ్చే ఏటికి. నీ టెంపరరీ కూడా అంతే సుందరయ్యా, ఆ తరవాత నాకు చెప్పుకోకు."

గురువారం మధ్యాహ్నం సుందరయ్య గట్టు పొడుగునా తిరిగి బతిమాలాడు. "బాబ్బాబూ, ఇవాళ ఒక్కరోజు సర్వేయరు గారిని పలకరించకండి." కిళ్ళీకొట్టతను ఒట్టేశాడు. గేదెలవాళ్ళు గేదెల్ని అవతలి గట్టుకి తోలారు. పెరుగమ్మే రంగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని పల్లె మొదట్లో కూర్చుంది.

నాలుగున్నరకి సైకిలు కదిలింది. సుందరయ్య వందగజాల వెనకాల, ఊపిరి బిగబట్టి. ఐదొందలు. తొమ్మిదొందలు. ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. వెయ్యిన్నూట పది. ఇంకెంతో లేదు! సుందరయ్య మనసులోనే కొబ్బరికాయ మొక్కుకున్నాడు. వెయ్యిన్నూట ఇరవై...

"ఏమే రంగమ్మా, పెరుగు మిగిలిందా?"

అన్నది స్వయానా సర్వేయరు గారే!

"పోయింది! పొద్దు కూడా వాలింది. ఇంక రేపే" అని ఆయన హాయిగా సైకిలు తిప్పుకుని, సుందరయ్య పక్కనుంచే వెళ్ళిపోయారు. సుందరయ్య వెళ్ళి రంగమ్మ పక్కన చతికిలబడ్డాడు.

"ఏంటి పిన్నీ ఇది? ఈయనకి పిచ్చా, నాకా?"

రంగమ్మ కొంగు తీసి నవ్వింది. "లెక్కే చూశావుగానీ, ఆయన ముందు ఎవరు నడిచారో చూళ్ళేదా నాయనా?"

అప్పుడు చూశాడు. పుస్తకాల సంచులతో ఆరుగురు ఆడపిల్లలు పల్లెలోకి మలుపు తిరుగుతున్నారు.

"ఆ ముందరిది మా మనవరాలు ప్రమీలారాణి. మధ్యలో కల్వర్టు లేదూ, దానిమీద పనిలేని వెధవలు నలుగురు చేరి పిల్లల్ని ఏడిపించేవాళ్ళు. మేం బడి మానిపించేశాం. ఆ ముక్క నేను సర్వేయరు గారికి పెరుగు పోస్తూ అన్నాను. 'రేపట్నుంచి పిల్లల్ని పంపించు' అన్నాడు. ఆ మర్నాటి నుంచే ఈ లెక్క. వాళ్ళు మొదటిరోజు ఏదో కూశారు. నలుగుర్నీ వంతెనదాకా నడిపించి లెక్కపెట్టించాడు. రెండోరోజూ అంతే. ఇప్పుడు ఎర్రగుడ్డ కనిపిస్తే చాలు, కల్వర్టు ఖాళీ."

రాత్రికి రాత్రి కొలత ఎక్కడనుంచి వస్తుందని బెంగపడుతూనే శుక్రవారం పొద్దున్నే సుందరయ్య ఆఫీసుకొచ్చి, ఎందుకో సర్వేయరు గారి నోటుబుక్కు మొదటినుంచీ తిరగేశాడు. నలభై రోజుల కిందటి తేదీ వేసి ఉంది: 'పదో బాట. 1131 చుట్లు. మైలున్నర.' పక్కనే చిన్న అక్షరాలతో, 'కల్వర్టు దగ్గర దీపస్తంభం కావాలి.'

పటం మీద గీత గీశాడు. దీపస్తంభం గుర్తు పెట్టాడు. కొలత వేశాడు. వేసి, చాలాసేపు పెన్ను కొరికాడు. పటం వెళ్ళిపోతే ఈయనకి రేపటినుంచి గట్టు మీద ఏం పని? బ్రహ్మయ్య గారు ఊరుకుంటారా?

బ్రహ్మయ్య గారు పటం చూసి సంతకం పెట్టబోతూ ఆగారు. "కొలత కింద ఇదేంటయ్యా? 'సరిచూడవలసి ఉన్నది' అని?"

"అనుమానంగా ఉందండి. రోజుకో రకంగా వస్తోందండి."

"ఎన్నాళ్ళు చూస్తారు?"

"బాట వేసేదాకా చూడాలండి. దీపం కూడా వెలగాలి కదండీ."

బ్రహ్మయ్య గారికి దీపానికీ కొలతకీ ఉన్న సంబంధం ఏంటో అంతుపట్టలేదు. పక్కనే ఉన్న సర్వేయరు గారు మాత్రం కళ్ళజోడు తీసి, అక్కర్లేకపోయినా తుడుచుకున్నారు. గుంటూరు బండికి టైమవుతోంది. అధికారి సంతకం పెట్టేశారు.

ఆ సాయంత్రం సైకిలు పల్లె దగ్గరికి వచ్చింది. పిల్లలు మలుపు తిరిగారు. వెయ్యిన్నూట ఇరవై ఏడు, వెయ్యిన్నూట ఇరవై ఎనిమిది... ఎదురుగా సుందరయ్య నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ జోడించి.

"నమస్కారమండీ సర్వేయరు గారూ!"

"పోయింది!" అని కేకేశారాయన, మొహమంతా నవ్వుతో. "పద, నడువు వంతెనదాకా. లెక్క నువ్వే పెట్టాలి."

"ఒకటండీ, రెండండీ..." అంటూ సుందరయ్య ఎర్రగుడ్డ పక్కన నడిచాడు.