బొగ్గుచుక్క మీది గుండు

ధర్మవరంలో మేము అద్దెకున్న ఇంటి యజమానిని తలుచుకుంటే, ఆయన గొంతుక్కూర్చున్న తీరే ముందు గుర్తొస్తుంది. అరవైల తొలినాళ్లలో నేనక్కడ బడిపంతులుని. కింద మట్టిగోడల ఇంట్లో ఆయన మగ్గం, పైగదిలో మా కాపురం.

ఆషాఢం గాలి లేచిందంటే నేత ఆపి పైకి వచ్చేవాడు. మా దూలానికి పట్టుదారంతో ఒక ఇనుపగుండు వేలాడదీసి, సరిగ్గా దాని కింద నేలమీద బొగ్గుతో చుక్క పెట్టాడు. కిటికీలు మూసి, గుండు పక్కన కూర్చుని రెప్పవేయకుండా చూసేవాడు. గాలి విసురుకు ఇల్లు ఊగి గుండు కదిలేది, మెల్లగా మళ్లీ చుక్క మీదికి వచ్చేది.

"ఇల్లు ఊగితే భయం లేదయ్యోరా. ఊగి మళ్లా తన చోటికి రావల్ల," అనేవాడు. నాకది చాదస్తంలా తోచి విసుక్కునేవాణ్ణి.

ఒక ఉదయం గాలి తగ్గినా గుండు చుక్క మీదికి రాలేదు. వేలెడు దూరంలో నిలిచిపోయింది. ఆయన మా పాపను ఉయ్యాలలోంచి ఎత్తుకుని, "బయటికి రాండి!" అని అరుస్తూ మెట్లు దిగాడు. మగ్గం మీద సగం నేసిన పెళ్లిచీర ఉంది. దానివైపు చూడనైనా లేదు.

మధ్యాహ్నానికి మళ్లీ గాలి లేచింది. పైగది కూలి మగ్గం మీద పడింది.

నేను ఏడుస్తూ చేతులు జోడించాను. ఆయన వాటిని పట్టుకుని కిందికి దించాడు.

"నాకు దండం పెట్టొద్దయ్యోరా. ఈ గోడలు పైగదిని మోయవని మేస్త్రీ కట్టే పొద్దే చెప్పినాడు. వినకుండా కట్టించినోణ్ణి నేనే."